ఎడమ పేజీ రాతలు

విజయనగరంలో నేను బి.ఏ. చదివే రోజుల్లో, మా కాలేజీ డిబేట్లలో ఎవరు ఏ పక్షాన మాట్లాడాలో వేదిక ఎక్కబోయే ముందు చీటీ తీసి తేల్చేవారు. అందుచేత ప్రతివాడూ రెండు పక్షాలూ సిద్ధం చేసుకోవలసిందే. నా నోటుపుస్తకంలో ఎడమ పేజీ అనుకూలానికి, కుడి పేజీ ప్రతికూలానికి.

ఆ ఏడు అంశం 'దున్నేవాడిదే భూమి'. అప్పటికే శ్రీకాకుళం కొండల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి. చీటీలో నాకు ప్రతికూలం వచ్చింది. శృంగవరపుకోట నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న నా సహాధ్యాయికి అనుకూలం. కౌలురైతుకు గింజల్లో దక్కే వాటా గురించి అతడు వేసిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేదు. "అధ్యక్షా, ఇది వాదం కాదు, నక్సలైటు ప్రసంగం" అన్నాను. చప్పట్లు మోగాయి. కప్పు నాకిచ్చారు.

ఆ మాట హాలు దాటింది. నాలుగో రోజున పోలీసులు అతణ్ణి స్టేషనుకు తీసుకుపోయారు. మర్నాడు అతని తండ్రి నా గది వెతుక్కుంటూ వచ్చారు. కాళ్ళకు ఎండిన బురద. కూర్చోమంటే కూర్చోలేదు.

"నువ్వన్న మాటేనట గదా బాబూ. పోటీ కోసం అన్నానని ఆలకి సెప్పు. శ్రీకాకుళం తీసుకుపోతే మరి నా కొడుకుని సూడనేను."

నోటుపుస్తకం తీసుకుని ఆయన వెంట వెళ్లాను. అంతకు మించిన సాక్ష్యం లేదని నా నమ్మకం. నా సహాధ్యాయి గోడవార నేల మీద కూర్చుని ఉన్నాడు. ఎస్సైకి చీటీల పద్ధతి వివరించి, ఎడమ పేజీ తెరిచి చూపాను: ఇవి అభిప్రాయాలు కావు, అభ్యాసాలు. ఆయన తీరిగ్గా చదివాడు. 'అడిగితే భూమి రాదు, ఆక్రమించాలి' అన్న వాక్యం కింద వేలు ఆనించి, రాత ఎవరిదని అడిగాడు. నాదేనన్నాను.

"ఆడు సీటీలో పడింది మాటాడినాడు. నువ్వు పడకపోయినా రాసుకున్నావు. మరి నక్సలైటు ఎవడు?"

కానిస్టేబుళ్లు నవ్వారు. నాకు తోచిన సమాధానాలన్నీ అతడికీ వర్తించేవే. సభలో ఒక్కటీ అతడికి దక్కనివ్వలేదు. అతని ప్రసంగం విని రాసుకున్నానంటే నేను బయటపడతాను. తండ్రి గుమ్మంలో నిలబడి నన్నే చూస్తున్నారు.

"రాసింది నేనే. ఈ మాట అతడు అనలేదు" అన్నాను.

అతణ్ణి తండ్రికి అప్పగించారు. నోటుపుస్తకం ఉంచుకుని, పరీక్షలయ్యేదాకా ప్రతి సోమవారం వచ్చి సంతకం పెట్టమన్నారు నన్ను.

బయట రోడ్డు మీద అతడు ఒక్కటే అడిగాడు. "పోలీసుల కాడ ఒప్పుకున్నావు, సరే. నన్నన్న మాట తప్పని కాలేజీలో ఎప్పుడు సెప్తావు?"

ప్రిన్సిపాలు గారిని ఐదు నిమిషాలు వేదిక అడిగాను. స్టేషనులో సంతకాలు పెట్టేవారికి హాలు ఇవ్వడం కుదరదని, ఆయన తలెత్తకుండానే చెప్పారు. ఆ మధ్యాహ్నం హాస్టలు మెస్సులో బల్లల మధ్య నిలబడి, సభలో నేనన్న మాట తప్పని చెప్పాను. కొందరు వినలేదు. అతడు విని, మజ్జిగ పోసుకున్నాడు.