మా మూడూళ్ల ప్రపంచ యాత్ర

ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ ప్రత్యేక రాష్ట్ర ఉద్యమపు రోజుల్లో మా వైపు కోపం లేని మనిషి దొరికేవాడు కాదు. టీకొట్టు దగ్గర కోపం, బస్సులో కోపం, బంద్ నాడు ఇంట్లో కూర్చుంటే గోడల మీద కోపం. సినిమాల్లో మా మాట మాట్లాడేవాడు ఎప్పుడూ రౌడీయో జోకరో అయినందుకు కోపం (ఇది నాకు ఇప్పటికీ ఉంది, తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు). ఇవన్నీ అందరితో పాటు నాకూ ఉండేవి. వీటిపైన నాకు సొంతంగా ఇంకొకటి ఉండేది. నా పాటను ఎవరూ చివరిదాకా వినడం లేదని.

ఆ పాట సంగతి చెప్పాలి. జనగామలో డిగ్రీ చదువుతున్నప్పుడు ఎవరో ఇచ్చిన సీడీలో విదేశీ రాక్ బృందాల పాటలు విన్నాను. ఒక్కో పాట దాదాపు అరగంట. మధ్యలో తాళం మారుతుంది, రాగం మారుతుంది, ఉన్నట్టుండి అంతా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. నాకు పిచ్చి పట్టింది. మా కరువు, బోరుబావి, వలస, బొగ్గుబాయి అన్నీ కలిపి ఇరవై నాలుగు నిమిషాల పాట ఒకటి కట్టాను. నేను గిటారు, మా మేనబావ డ్రమ్ములు. పెళ్లిళ్ల బ్యాండుమేళంలో వాయించే మిత్రుడు కీబోర్డు. ఊరంతా అతన్ని కీబోర్డు భాయ్ అనే పిలిచేది. ఆ ఒక్క పాటే మా ఆల్బమ్. ఆల్బమ్ వేయగానే ఆ విదేశీయులు దేశదేశాలు తిరుగుతారట కదా, మేమూ పోస్టరు వేయించాం: 'ప్రపంచ యాత్ర - జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి'. (అప్పటికి ఈ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి. మా ప్రపంచ యాత్ర జిల్లా దాటలేదు.) పోస్టరు చూసి బావ, "మరి మన పక్కనున్న నర్మెట్ట ఏం పాపం చేసిందిరా?" అన్నాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

మాకు హాలు ఎవరిస్తారు? ఊరూరా వేసిన రిలే నిరాహార దీక్షల డేరాలే మా వేదికలు. మైకు ఉండేది, జనం ఉండేవారు, పాటంటే ఎవరూ కాదనేవారు కాదు. అక్కడొక పద్ధతి ఉండేది. పొద్దున మెడలో దండలతో దీక్షకు కూర్చున్నవాళ్లకు సాయంత్రం ఐదింటికి ఎవరైనా పెద్దమనిషి వచ్చి తన చేత్తో నిమ్మరసం ఇస్తే, ఆ రోజు దీక్ష ముగిసినట్టు. మర్నాడు ఇంకో జట్టు.

జనగామలో మా పాట తొమ్మిదో నిమిషంలో ఉండగా ఒక నాయకుడు కారు దిగాడు. డేరా మొత్తం లేచి నిలబడింది. ఆయన నేరుగా వచ్చి నా ముందున్న మైకు పీక్కుని, "తమ్ముళ్లు మస్తు వాయించిన్రు, ఇగ నేను రెండు ముక్కలు మాట్లాడుత" అన్నాడు. ఆ రెండు ముక్కలకు గంటన్నర పట్టింది. దిగిపోతూ నా భుజం తట్టి, "పాట జర పొడుగైంది తమ్మీ" అన్నాడు! ఇన్నేళ్లయినా ఆ మాట గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

మహబూబాబాద్‌లో ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని తినే నిరసన అది. లారీలు కేసముద్రం దాకా ఆగిపోయాయి. మా పాటలో ఆరుచోట్ల నిశ్శబ్దం వస్తుంది. మొదటి నిశ్శబ్దానికే జనం పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. "ఇంక అయిపోలే!" అని అరిచాను. రెండోదానికీ అంతే, మూడోదానికీ అంతే. నాలుగోసారి కీబోర్డు భాయ్ నా చెవిలో, "అరే యార్, పబ్లిక్‌కు ఆకలైతుంది. జర సమజ్ చేస్కో, బంద్ చేద్దాం" అన్నాడు. నేను వింటేగా! ఐదో నిశ్శబ్దంలో ఎవరో "అన్నం ఉడికింది!" అని కేకవేశారు. కళ్లు మూసుకుని తన్మయంగా వాయించి, తెరిచి చూసేసరికి ఎదురుగా ఉత్త కుర్చీలు. వెనక్కి తిరిగితే డ్రమ్ముల దగ్గర బావ కూడా లేడు. రోడ్డు మీద విస్తరి ముందు కూర్చుని, "నువ్వు గూడ రారా, పప్పు మంచిగున్నది!" అని చెయ్యి ఊపుతున్నాడు. ఒళ్లు మండిపోయింది. దీక్షలో లేకుండానే ఆ పూట పస్తున్నాను.

భూపాలపల్లి బస్సెక్కేటప్పటికి నేను మనిషిని కాదు. "ఈసారి ఎవ్వలడ్డమొచ్చినా ఆపేది లేదు" అని ఇద్దరికీ తెగేసి చెప్పాను. పరకాల దగ్గర బస్సు మొరాయించి, మేం వాయించడం మొదలుపెట్టేసరికే ఐదుకు పది నిమిషాలు తక్కువ. ఆ రోజు దీక్షలో ఉన్నది బొగ్గుబాయి కార్మికుల ఇళ్లలోని ఆడవాళ్లు. ముందు వరసలో ఒక అవ్వ, మెడలో బంతిపూల దండ. ఐదింటికి నిమ్మరసం గ్లాసులతో పెద్దమనిషి రానే వచ్చాడు. "తమ్మీ, జర ఆపు. ఆడోళ్లు పొద్దుగాల సంది కూసున్నరు" అన్నాడు.

రెండూళ్ల కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది. మైకులోనే, అందరూ వినేలా, "పాట అయ్యేదాక దీక్ష అయిపోనట్టే!" అన్నాను.

కొందరు నవ్వారు. పెద్దమనిషి తల కొట్టుకుని గ్లాసులు పంచేసి వెళ్లిపోయాడు. చాలామంది తాగి, కొంగుతో మూతి తుడుచుకుని ఇంటిదారి పట్టారు. అవ్వ మాత్రం గ్లాసు పక్కన పెట్టి నా వైపే చూస్తూ కూర్చుంది. ఒక్క నిశ్శబ్దానికీ చప్పట్లు కొట్టలేదు. హమ్మయ్య, ఇన్నాళ్లకు దొరికింది నా శ్రోత అనుకున్నాను. ఆ సంబరంలో చివరి భాగం రెండుసార్లు వాయించాను. వెనక నుంచి బావ డ్రమ్ము పుల్లతో నా వీపు మీద పొడుస్తున్నా ఆపలేదు.

అయ్యాక గిటారు దింపి ఆమె దగ్గరికి పరుగెత్తాను. "అవ్వా, పాట మంచిగున్నదా?"

"అయిపోయిందా బిడ్డా? ఇగ తాగొచ్చునా?" అంది.

పక్కన ముట్టకుండా ఉన్న నిండు గ్లాసు వైపు చూశాను.

"దీక్షల కూసునుడు నాకిదే మొదలు బిడ్డా. పాట అయ్యేదాక అయిపోనట్టని నువ్వే మైకుల అంటివి గద. నడుమ ఎంగిలి పడితే అందరి దీక్ష చెడ్తదేమోనని భయపడ్డ." గ్లాసు అందుకోబోయి మధ్యలోనే ఆగింది. "పెద్దమనిషి పాయె. నువ్వే ఇయ్యి."

ఇరవై ఏళ్లవాణ్ని, ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని గ్లాసు పట్టుకున్నాను. ఆమె గుక్క గుక్కకూ ఆగుతూ తాగుతుంటే, జనగామ నాయకుడి మీద, మహబూబాబాద్ పప్పు మీద దాచుకున్న కోపమంతా దారి మళ్లి నా మీదికే వచ్చింది. తాగేసి, నా తల నిమిరి, "మస్తు కష్టపడ్డవు బిడ్డా, నువ్వేమన్న తిన్నవా?" అంది.

ఆ ఇరవై ఏళ్ల కుర్రాడు ఇప్పుడు నాకు ఎదురుపడితే ముందు చెంప మీద ఒకటి ఇస్తాను. ఆ తర్వాత, పాపం, పాట మళ్లీ వాయించమంటాను. ఇరవై నాలుగు నిమిషాలూ కదలకుండా వింటాను. కాకపోతే ముందు ఇద్దరం కూర్చుని అన్నం తిన్నాకే.