అమ్మకు తల తిరగలేదు

మా నాయన ఆళ్లగడ్డలో రాళ్లు చెక్కేవాడు. గుడి విగ్రహాలు చెక్కిన చేతులతోనే మా ఇంటి బాత్రూములో బండలు పరిచాడు. పరిచి ఊరుకోలేదు. ఉలి పట్టుకుని కూర్చుని, సబ్బు నీళ్లు పడినా కాలు జారకుండా బండలంతా దగ్గర దగ్గరగా గంట్లు కొట్టాడు. రెండు మూడేళ్లకు అవి అరిగిపోతే మళ్లీ కొట్టేవాడు. ఆ బండల మీదే స్నానం చేసి పెరిగాను. నంద్యాలలో ఆఫీసు ఉద్యోగం వచ్చేదాకా అవి గరుకని నాకు తట్టనే లేదు.

ఒక ఆదివారం మా పై ఆఫీసరు భార్యతో సహా భోజనానికి వచ్చాడు. చేతులు కడుక్కోవడానికి వెళ్లిన ఆమె బాత్రూము గడప దగ్గరే ఆగి, "ఇదేందీ, గొడ్ల కొట్టంలో పరిచినట్లుంది బండ" అని నవ్వింది. ఏదో మాటవరసకు అన్నది. నాకు మాత్రం తల తీసేసినట్లయింది. ఆమె కడుపునిండా తిని, వక్కాకు వేసుకుని, ఆ మాట మరిచిపోయి వెళ్లిపోయింది. నేను నెల తిరక్కుండా బండలన్నీ పీకించి తెల్లగా మెరిసే టైల్స్ వేయించాను.

టైల్స్ వేస్తున్న రోజు నాయన వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు.

"నున్నటిది సూసేకి బాగుంటాది. నిలబడేకి గాదురా" అన్నాడు.

"అందరిండ్లల్లో ఇవే ఏసుకుంటాండారు నాయనా. అందరూ పడిపోతాండారా?"

"మీ యమ్మకు డెబ్బై దాటె."

పనివాళ్ల ముందర నాకు పాఠం చెబుతున్నాడని చిరాకేసింది. నీకు రాయి తప్ప ఇంకేం తెలుసన్నాను. ఆయన వెళ్లిపోయాడు. ఎందరో ఆయన చెక్కిన రాళ్లకు దండాలు పెట్టారు. ఆయన రాయిని చూసి సిగ్గుపడింది మాత్రం నేనే.

వానాకాలంలో ఒక పొద్దున అమ్మ పడింది. నేను బస్సుకు టైమవుతోందని చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాను. బాత్రూములో చెంబు దొర్లిన చప్పుడు, వెంటనే అమ్మ మూలుగు. పరుగెత్తుకెళ్లి చూస్తే ఒక పక్కకు ఒరిగి ఉంది. "కాలు జారె నాయనా" అంది. లేపబోతే కేక పెట్టింది. తుంటి ఎముక విరిగిందని నంద్యాల వెళ్లాక తెలిసింది.

ఆస్పత్రిలో డాక్టరు రాసుకుంటూ, "కాలు జారి పడిందా, తల తిరిగి పడిందా?" అని అడిగాడు. స్ట్రెచర్ మీద అమ్మ, పక్కన నాయన ఉన్నారు. నాయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే నిజం చెప్పేవాణ్ణేమో అని చాలాసార్లు అనుకున్నాను. అదీ ఒక సాకే. జారిందంటే ఎక్కడ, ఎందుకు అని అడుగుతారు. తల తిరిగిందంటే తప్పు ఎవరిదీ కాదు.

"తల తిరిగింది సార్" అన్నాను.

అమ్మ కళ్లు మూసుకుంది. కాదని మాత్రం అనలేదు.

ఆపరేషన్ అయింది. మిగతా మందులతో పాటు తల తిరగడానికని ఒక మాత్ర రాశారు, రోజుకు మూడు పూటలా. చూడ్డానికి వెలుగోడు నుంచి చుట్టాలొస్తే వాళ్లకూ అదే కథ చెప్పాను. చెప్పగా చెప్పగా నాకు బాగా అలవాటైపోయింది, తల ఎలా తిరిగిందో కూడా వర్ణించేవాణ్ణి. నేను మొదలుపెట్టగానే నాయన లేచి బయటికి వెళ్లిపోయేవాడు.

వాకరు పట్టుకుని రోజూ నడిపించమని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మ నాలుగడుగులు వేసి మంచం మీద కూలబడేది. "కండ్లు మూతలు పడతాండాయి నాయనా, సాయంత్రం నడుస్తాలే" అనేది. సాయంత్రం మాత్ర వేసుకుని మళ్లీ పడుకునేది. బద్ధకమని నేను కసురుకున్నాను. మందులు అయిపోకముందే తెచ్చేవాణ్ణి, ఒక్క పూట కూడా మరిచిపోకుండా చేతికిచ్చేవాణ్ణి. టైల్స్ మాత్రం అలాగే ఉంచాను. వాటిని పీకిస్తే తప్పు ఒప్పుకున్నట్లవుతుంది కదా. నాయనే వాటి మీద గోనెసంచి పరిచి, అమ్మ రెండు చేతులూ పట్టుకుని స్నానానికి వేసిన స్టూలు దాకా తీసుకెళ్లేవాడు.

మూడు నెలలకు మళ్లీ చూపించడానికి వెళ్లాం. డాక్టరు ఈసారి నన్ను కాదు, అమ్మనే అడిగాడు. "తల తిరగడం తగ్గిందామ్మా?"

అమ్మ నా ముఖం వంక చూసింది. ఏం చెప్పాలో నన్నే అడుగుతున్నట్లు చూసింది. తర్వాత, "తగ్గింది సార్" అంది.

"అయితే ఇంకో మూడు నెలలు వాడండి."

ఆయన పెన్ను కాగితం మీద పెట్టగానే నాకు నోరు తెరుచుకుంది. కాలు జారే పడింది సార్, తల తిరగలేదు, టైల్స్ నేనే వేయించాను అని చెప్పేశాను. డాక్టరు రాయడం ఆపాడు.

"తల తిరగని మనిషికి ఈ మాత్ర ఇస్తే మిగిలేది మత్తే. మత్తులో నడిస్తే ముసలివాళ్లు మళ్లీ పడతారు. నడవకుండా పడుకుంటే కాళ్లలో బలం పోతుంది. ఆ బలం ఇప్పటికే చాలావరకు పోయింది."

"మళ్లీ నడుస్తుందా సార్?"

"మొదటి రోజే చెప్పి ఉంటే నడుస్తుందనే చెప్పేవాణ్ణి. ఇప్పుడు ప్రయత్నం చేద్దాం" అన్నాడు. తర్వాత, "ఆ టైల్స్ మార్చారా?" అని అడిగాడు.

లేదని తల ఊపాను. ఆయన నన్ను తిట్టలేదు. ఆ మాత్ర పేరు కొట్టేసి, గోడకు పట్టుకోవడానికి కమ్మీ పెట్టించమని, నేల గరుగ్గా చేయించమని, మందుల చీటీ మీదే రాసిచ్చాడు.

తిరుగు దారిలో కారులో అమ్మ పక్కన కూర్చున్నాను. ఊరి దగ్గరికి వచ్చాక అడిగాను.

"తల తిరగల్యాదని నీకు తెల్సు గదమ్మా. ఇన్ని దినాలు ఆ మాత్రలు యాల మింగినావ్?"

అమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. "అంత పెద్ద డాక్టరు ముందర నువ్వు చెప్తివి. నేను కాదంటే నిన్ను ఏమనుకుంటాడు నాయనా? మాత్రలే గదా అని మింగితి."