శారమ్మ ఉపవాసం

బోధన్‌లో శారమ్మ వెళ్ళే చర్చిలో ఉపవాసం మాట వస్తే అందరి చూపూ ఆమె మీదికే పోతుంది. పెళ్ళయి కోటగిరి నుంచి వచ్చింది మొదలు, ఈస్టరుకు ముందు వచ్చే శ్రమ దినాల్లో ఏ శుక్రవారమూ పొద్దుగూకే దాకా ఆమె మెతుకు ముట్టింది లేదు. నాలుగేళ్ళ కింద షుగర్ జబ్బు వచ్చిపడినా ఆ పట్టు సడలలేదు. జబ్బు సంగతి చర్చిలో ఎవరికీ చెప్పనూ లేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం.

తమాషా ఏమిటంటే, ఆమె పనే టీబీ వచ్చినవాళ్ళ చేత మందులు మింగించడం. చర్చిలవాళ్ళూ మసీదులవాళ్ళూ మరికొందరు దైవభక్తులూ కలిసి పెట్టుకున్న ‘ఆదరణ’ సంస్థలో ఆమె పనిచేస్తుంది. సంస్థ పెద్దలు ఢిల్లీకీ విదేశాలకూ పోయి, పేదల మందులకిచ్చే డబ్బు తగ్గించవద్దని ప్రభుత్వాలను అడుగుతారు. నిజామాబాద్‌లో ఒక మేడ మీది గది ఆఫీసు. అక్కడ హఫ్సా అనే అమ్మాయి కూర్చుని ఫోన్ల మీద అధికారుల వెంటపడుతుంది. ఇక బోధన్‌లో సంస్థ అంటే శారమ్మా, ఆమె చెప్పులూ. పెద్ద సభల్లో చెప్పే మాటలు గొప్పవే, కాదనను. కానీ తెచ్చిన మందు గొంతు దిగిందా లేదా అని చూడటానికి ఎవరో ఒకరు గడప తొక్కాలి కదా.

పడుచు వయసులో చెరుకు కొట్టే పనికి పోతూ ఆమె కూడా టీబీతో మంచం పట్టింది. రోజూ ఒక నర్సమ్మ వచ్చి, తిట్టి మరీ మందు మింగించబట్టి బతికింది. అందుకే ఈ పనంటే ఆమెకు ప్రాణం.

ఆ ఏడాది శ్రమ దినాలూ రంజానూ కలిసే వచ్చాయి. ఒక శుక్రవారం ఎండెక్కే వేళకు శారమ్మ రాకాసిపేటలో అజీజా ఇంటికి పోయింది. అజీజా బట్టలు కుడుతుంది. భర్త పోయాక ఆ మిషనే ఆమెకు దిక్కు, అందులోనూ రంజాన్ గిరాకీ. ఆమెకు టీబీ అని తేలి మూడో నెల. గల్లీలో ఎవరికీ తెలియదు. తెలిస్తే ఒక్క గుడ్డముక్క కూడా తన గడప దాటి రాదని ఆమె భయం.

గూట్లో గోలీల షీటు పోయినసారి ఎట్లా ఉందో అట్లాగే ఉంది. శారమ్మ దాన్ని తీసి మిషన్ మీద పెట్టింది.

"ఇవి గిట్లనే ఉన్నయేంది అజీజా?"

"ఈద్ కానియ్యక్కా, మళ్ళ మింగుత."

"గందాక బీమారి ఆగుతదా? రోజా ఉపాసం ఉండొద్దని డాక్టర్ అన్నడు గదా."

"తెల్లారకముందు సహర్ల తిని మింగితే దినమంత కడుపుల తిప్పుడే. నీళ్ళు సుత తాగొద్దాయె. రోజా ఇడుస్తే ఎందుకిడిసినవని అడుగుతరు. ఏం జెప్పాలె?"

"బీమారున్నోళ్ళకు మాఫీ ఉన్నదట. హఫ్సా మౌల్వీసాబ్‌ను అడిగి మరీ జెప్పింది."

"మాఫీ అల్లా ఇస్తడక్కా. గల్లీ ఇయ్యదు."

శారమ్మకు ఒళ్ళు మండింది. "దేవుడు పాణం తీసుకొమ్మన్నడా? మొండితనం జేసి దానికి భక్తి అని పేరు పెడితె ఎట్ల?"

ఆ మాట అన్న నోరే తడబడింది. ఒళ్ళంతా చెమటలు పట్టి, చేతులు వణికాయి. గోడ అందుకోబోయి కుట్టాల్సిన బట్టల కుప్ప మీద కూలబడింది. అజీజా పెద్దగా కేక పెట్టింది. ఆమె భర్తదీ షుగర్ జబ్బే, ఆ చెమట ఆమెకు కొత్త కాదు.

"అక్కా! షుగరున్నదా నీకు? తిన్నవా?"

"ఇయ్యాల... శుక్రారం."

"గోలి?"

"పొద్దుగాల ఏసుకున్న."

"గోలి ఏసుకొని తినలేదా! షుగర్ పడిపోదా? యా అల్లా!"

అజీజా గ్లాసు నీళ్ళలో చక్కెర కలిపి తెచ్చి, తల పట్టుకుని గుటక గుటకగా తాగించింది. కాసేపటికి శారమ్మ కళ్ళు తేటపడ్డాయి. అప్పుడు మొదలుపెట్టింది అజీజా.

"నాకు జెప్పవస్తివి! నీది భక్తి, నాది మొండితనమా?"

శారమ్మకు ఏడుపొచ్చింది. "ఉపవాసం శారమ్మ అంటరు నన్ను. ఆ పేరు పోతదని భయం, అజీజా. గంతే." ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదలు. ఎదుటివాళ్ళ భయాన్ని తీసిపారేసినంత సులువుగా ఎవరి భయం వాళ్ళు తీసిపారేసుకోలేరు.

కేక విని పక్కింటి అల్మాస్ పరుగెత్తుకొచ్చింది. కుట్టడానికివ్వాల్సిన పండుగ బట్టల సంచీ చేతిలోనే ఉంది. శారమ్మను చూసింది, మిషన్ మీది షీటును చూసింది.

"ఈ అమ్మ గోలీలేనా అజీజా ఆపా? మింగియ్యి మరి."

అజీజా ఊఁ అంటే సరిపోయేది. అవసరమైతే ఆ జబ్బును తన నెత్తిన వేసుకోవడానికైనా శారమ్మ సిద్ధమే. అజీజా మాత్రం శారమ్మ తడి మొహం వైపు చూసింది.

"అవి నాయి," అంది. "నాకు టీబీ ఉన్నది."

అల్మాస్ సంచీని ఎదకు హత్తుకుంది. అజీజా తల దించుకుంది. పండుగ గిరాకీ అంతా ఆ సంచీతోనే గడప దాటి పోయేట్టు అనిపించింది ఆమెకు.

"అంటుకుంటదా?" అని అల్మాస్ శారమ్మను అడిగింది.

"గోలీలు మింగుతుంటే భయం లేదు బిడ్డా. మొన్న తెమడ పరీక్షల సాఫ్ వచ్చింది. మందు బంద్ జేస్తెనే మళ్ళ తిరగబడతది. గప్పుడు ఆమెకూ కష్టమే, మనకూ కష్టమే."

అల్మాస్ సంచీ తెచ్చి మిషన్ మీద పెట్టింది.

"బీమారి పెట్టుకొని రోజా ఏంది ఆపా? ముందుగాల మింగు. పిల్లల బట్టలు లేటు జేస్తె ఊకోను."

అజీజా కళ్ళు తుడుచుకుని లోపలికి పోయింది. సహర్‌లో మిగిలిన రొట్టెలూ కూరా రెండు పళ్ళేల్లో పెట్టి తెచ్చింది. అలవాటు కొద్దీ తలుపు వేయబోయి, ఆగి, బార్లా తెరిచే ఉంచింది. ఇద్దరూ గడప పక్కనే కూర్చుని తిన్నారు. దారిన పోయేవాళ్ళు చూశారు, చూసి పోయారు. అజీజా గోలీలు మింగింది. శారమ్మకు ఎన్నో ఏళ్ళ తర్వాత శ్రమ దినాల శుక్రవారం మధ్యాహ్నం కడుపు నిండింది. తప్పు చేసినట్టు అనిపించకపోవడం ఆమెకే వింతగా ఉంది.

"ఐతారం చర్చిల అందరు సాక్ష్యం జెప్పేటప్పుడు నేను సుత లేస్త," అంది. "షుగర్ ముచ్చట జెప్త. నా తీర్గ ఇంకెంతమంది ఉన్నరో."

ఆమె చెప్పులు తొడుక్కుంటుంటే అజీజా గుమ్మం దాకా వచ్చింది.

"వచ్చే శుక్రారం వస్తవా?"

"రాకుంటెట్ల?"

"తిని రా!" అని అరిచింది అజీజా, గల్లీ అంతా వినేట్టు.