కెమెరా నుదుట నేను పెట్టిన బొట్టు

2024 అక్టోబరు. మద్రాసులో పురసవాక్కం హైరోడ్డు వెనక సందులో, బట్టల కొట్ల గోడౌన్ల మధ్య ఉన్న మా షాపుకి అప్పటికి ఇరవై రెండేళ్లు. సీట్ కవర్లు, హారన్లు, స్పీకర్లతో మొదలుపెట్టి, ఈ ఏడెనిమిదేళ్లుగా ఎక్కువగా కార్లకు కెమెరాలే బిగిస్తున్నాను. షాపు అంటే పెద్దగా ఊహించుకోవద్దు. ఒక కారు లోపల, ఒక కారు బయట పట్టే చోటు. మూడో కారు వస్తే పక్క గోడౌన్ ఆయన అరుస్తాడు, నేనూ అరుస్తాను. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అయితే పని విషయంలో ఇంతవరకూ ఒక్క మాట పడలేదని గర్వంగా ఉండేది. ఆ గర్వం దిగిపోయిన సంగతే ఇది.

ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి. ముందు కెమెరాను కారు ముందు అద్దానికి లోపలివైపు, డ్రైవరు వెనక్కి చూసుకునే చిన్న అద్దం చాటున అంటిస్తాం. బండి స్టార్టయిన దగ్గర్నుంచి అది రోడ్డును రికార్డు చేస్తూనే ఉంటుంది. వెనక కెమెరా చొక్కా గుండీ కన్నా కాస్త పెద్దది. దాన్ని నంబర్ ప్లేటు పైన బిగించి, వైరును డిక్కీలోంచి పైకప్పు గుడ్డ కింద దోపి ముందుకు తెస్తాం. ఆ వైరులో ఒక పాయను రివర్స్ లైటుకు కలుపుతాం. రివర్స్ గేరు వేయగానే ఆ లైటుకు వెళ్లే కరెంటు వల్ల స్క్రీన్ మీద బండి వెనక ఏముందో కనిపిస్తుంది. ఈ పాయనే ట్రిగ్గర్ వైరు అంటాం. వెనక కెమెరా చూసింది కూడా ముందు కెమెరాలోని కార్డులోనే రికార్డవుతుంది. స్క్రీన్ మీద ఆకుపచ్చ, పసుపు, ఎరుపు గీతలు కూడా వస్తాయి. అవి గైడ్ లైన్స్. ఎర్ర గీత దగ్గర ఏదైనా కనిపిస్తే అది బండికి ఆనుకుని ఉన్నట్టే లెక్క. నేను బండి వెనక ఒక ప్లాస్టిక్ బకెట్ పెట్టి, అది గీతకు సరిగ్గా కుదిరేదాకా కెమెరాను వంచి, అప్పుడుగాని స్క్రూ బిగించను. ఇంత చాదస్తం ఎందుకని ఎవరైనా విసుక్కుంటే, ఆ బకెట్ చోట మనిషి ఉంటే ఏం చేస్తారని అడుగుతాను.

గోవిందన్న ఆయుధపూజకు ముందు రోజు వచ్చాడు. పేరు గోవిందరాజులు, వయసు అరవై రెండు. మా వాళ్లలాగే ఆయన వాళ్లూ ఎన్నో తరాల కిందట మద్రాసుకు చేరిన తెలుగువాళ్లు. సొంత కారును ఊరికి ఉత్తరాన మనలి అనే చోట ఒక కంపెనీకి కాంట్రాక్టు మీద నడిపేవాడు. అక్కడి స్టాఫును పొద్దున తీసుకెళ్లి, సాయంత్రం దింపాలి.

“మురళీ, మెడ ఎనక్కి తిరగడంలా ప్పా,” అన్నాడు మెడ పట్టుకుని. “ఎముక అరిగిందంట. రివర్సు తీసేదానికి శానా కష్టంగా ఉండాది. ముందొకటి, ఎనకొకటి కెమెరా పెట్టేయ్. కంపెనీవాళ్లు గూడా ముందర కెమెరా ఉండాల్సిందే అని చెప్తావుండారు. ముప్పై అయిదేండ్లు బండి తోల్తిని, ఒక్క కేసు లేదు. ఈ మెడతో పేరు చెడిపోకూడదు.”

మధ్యాహ్నానికి రెండూ బిగించాను. బకెట్ పెట్టి చూపిస్తే చిన్నపిల్లాడిలా సంబరపడిపోయి, నాలుగుసార్లు రివర్స్ గేరు వేసి చూసుకున్నాడు. లూప్ రికార్డింగ్ గురించి కూడా చెప్పాను. మెమరీ కార్డు నిండిపోతే పాత వీడియో మీద కొత్తది రాసుకుంటుంది, కాబట్టి ఏదైనా జరిగితే వెంటనే కార్డు తీసి దాచమన్నాను.

మర్నాడు ఆయుధపూజ. ఆ రోజు పనిచేసే ప్రతి వస్తువుకూ బొట్టు పెట్టాల్సిందే. సోల్డరింగ్ ఐరన్, డ్రిల్లు, మల్టీమీటరు, చివరికి ఆ బకెట్‌కు కూడా చందనం, కుంకుమ పెడతాను. కొత్తగా పని చేయించుకున్నవాళ్లు బండ్లు తెస్తే వాటికీ పూజ చేస్తాను. గోవిందన్న కారు కడిగి, దానికి పూలదండ వేసి తెచ్చాడు. స్టీరింగుకు, బానెట్‌కు, నాలుగు చక్రాలకు బొట్లు పెట్టాను. తర్వాత, నా చేత్తో బిగించినవి కదా అని, కెమెరాల దగ్గరికి వెళ్లాను. వెనక కెమెరా పైఅంచున, లెన్సు అద్దానికి కొంచెం పైన, ఉంగరపు వేలితో చందనం దట్టంగా అద్ది, దాని మీద కుంకుమ పెట్టాను.

“ఏంది మురళీ, కంటికి గూడా బొట్టా?” అని నవ్వాడు.

“కంటికి కాదన్నా, నుదుటికి. మూడు దినాలు తుడవబాకండి, మంచిది,” అన్నాను.

ఆయన కెమెరాకు దణ్ణం పెట్టుకున్నాడు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, వాటి మీదుగా నడిపించుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు నుంచి వానలు పట్టుకున్నాయి. ఆ తర్వాత నాలుగు రోజులకు, పొద్దున పది గంటలప్పుడు గోవిందన్న మళ్లీ వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. జేబురుమాలు మడతల్లోంచి మెమరీ కార్డు తీసి నా బల్ల మీద పెట్టాడు.

వాన మొదలైన సాయంత్రం ఎన్నూరు రోడ్డులో కంటైనర్ లారీల వెనక ఈయన కారు ఆగి ఉందట. వెనక నుంచి ఒక స్కూటర్ వచ్చి గుద్దిందట. స్కూటర్ మీదున్నావిడ పేరు ధనం, ఎన్నూరులో చేపలు అమ్ముకునే మనిషి. మోకాలి కింద ఎముక విరిగి గవర్నమెంటు ఆస్పత్రిలో ఉంది. ఆవిడ మాత్రం, నేను ఆగే ఉన్నాను, కారే వెనక్కి వచ్చి గుద్దింది అంటోందట. వెనక నుంచి గుద్దినవాళ్లదే తప్పని కదా అందరూ అనేది. పోలీసులు కూడా ఆవిడ మీదే కేసు రాయబోయారు. ఆవిడ ఎంతకీ ఒప్పుకోకపోవడంతో, కారులో కెమెరా ఉంది కదా, వీడియో తెమ్మని ఎస్సై అడిగాడు.

“నాలుగు దినాలుగా బండికి కవరు కప్పి పెట్టేస్తిని. ఇయ్యాలే తీస్తిని,” అన్నాడు గోవిందన్న. “ముందర కెమెరాది పెన్‌డ్రైవ్‌లో ఏసియ్యి. ఎనకది పని చేయలా అని నీ లెటర్ ప్యాడ్ మీద ఒక ముక్క రాసియ్యి. సరియా?”

నాకు చర్రున కోపం వచ్చింది. “నేను బిగించిన కెమెరా పని చేయకపోయేదేంది?” అని కార్డును కంప్యూటరులో పెట్టాను. ఆ కోపమే లేకపోతే బహుశా ఆయన అడిగిన చీటీ రాసిచ్చి పంపించి ఉండేవాణ్ని.

వెనక కెమెరా వీడియో తెరిచాను. తెర దాదాపు అంతా పసుపు మంచు. మధ్యలో ఎర్రగా ఒక చార. లోపలికి నీళ్లు దిగాయేమోనని బయటికి పోయి, కారు వెనక వంగి చూశాను. కెమెరా పైఅంచున బొట్టు లేదు. అది వానకు కరిగి అద్దం మీదికి జారి, ఎండి, పెచ్చు కట్టి ఉంది. అక్కడే నేల మీద కూర్చుండిపోయాను.

“తుడవలేదాన్నా?”

“నువ్వే గదా తుడవద్దంటివి. బొట్టు తుడిచేదానికి చెయ్యెట్లా వస్తాది, చెప్పు?”

లోపలికి వచ్చి ముందు కెమెరా వీడియో పెట్టాను. వైపరు ఆడుతోంది. ఎదురుగా లారీ వెనక తలుపులు, వాటి మీద ఎర్ర స్టిక్కరు. కాసేపటికి ఆ తలుపులు మెల్లగా చిన్నవి కావడం మొదలయింది.

“అదో, లారీ ముందుకు పోతావుండాది,” అన్నాడు గోవిందన్న.

నేను మళ్లీ మొదటికి తిప్పాను. నా చూపు లారీ మీద లేదు. తెర ఎడమ అంచున ఒక కరెంటు స్తంభం సగమే కనిపిస్తోంది. లారీ ముందుకు పోతే పోవచ్చు, మన కారు కదలకపోతే స్తంభం ఉన్నచోటే ఉండాలి. మన కారు ముందుకు పోతే స్తంభం తెరలోంచి బయటికి జారిపోవాలి. ఇక్కడ సగం స్తంభం కాస్తా పూర్తిగా తెరలోకి వచ్చేసింది. ఆ వెంటనే దబ్బుమని చప్పుడు, బొమ్మ అదిరింది. మూడుసార్లు చూశాను. మూడుసార్లూ అంతే.

మళ్లీ వెనక కెమెరా వీడియో తీసి, ఈసారి పసుపు అంటని కుడివైపు అంచును పెద్దది చేశాను. కదలకుండా ఆగి ఉన్న స్కూటర్ ముందు చక్రం. తడి రోడ్డు మీద ఆనించిన ఒక కాలు, నీలం రంగు హవాయి చెప్పు. అది దగ్గరవుతూ వచ్చింది.

“అన్నా, బండి ఎనక్కి పోయిందే.”

ఆయన తెర వైపు చూడలేదు. మూలనున్న బకెట్ వైపు చూశాడు. “పోయింది,” అన్నాడు.

“లారీ ఎనక్కి జారతాదేమో అని బయపడితిని. రెండడుగులు తీద్దామని గేరేస్తిని. స్క్రీన్లో అంతా పసుప్పచ్చగా ఉండె. వాన కదా, లైటు కొడతావుందనుకుంటిని. గుద్దినాక దిగి చూస్తే జనం చేరిపోయిరి. ఎవరో, ఎనకనించి వచ్చి గుద్దితే కారాయన ఏం జేస్తాడు పాపం అనె. నేను అవునంటిని. అంతే మురళీ. ఆ తరవాత మార్చి చెప్పేదానికి నోరు రాలా. ముప్పై అయిదేండ్ల పేరు గదా.”

కార్డును తిరిగి బండిలో పెట్టి కొన్ని రోజులు తిప్పితే ఆ వీడియో దానంతటదే చెరిగిపోతుంది. ఆ సంగతి ఆయనకు చెప్పింది నేనే. ఇద్దరం ఆ మాట ఎత్తలేదు గాని, నిజం చెప్పాలంటే నా మనసులో మెదిలింది. ఆయన కోసం కాదు, నా కోసం. కెమెరా కన్ను మూసింది నేనే అని తెలిస్తే ఇరవై రెండేళ్ల షాపు పరువు ఏం కావాలి? సిగ్గుపడుతూనే రాస్తున్నాను ఈ మాట.

“ఆమె ఇంకా అదే చెప్తావుందా?” అని అడిగాను.

“అదే. వాళ్లన్న స్టేషన్లో ఏమన్నాడో తెలుసా? విడిచిపెట్టండి సార్, సెల్లు చూసుకుంటా పోయి గుద్దింటాది అనె. నా ముందరే. ఆ మాట ఇన్నప్పటినించి నాకు అన్నం దిగలా.” గోవిందన్న కళ్లు తుడుచుకున్నాడు. “సొంత అన్నే నమ్మలా ప్పా. నా వల్ల.”

తర్వాత ఆయనే, “లెటర్ రాయి,” అన్నాడు. “ఏమని?” అన్నాను. “ఏం జరిగిందో అదే.”

రాశాను. కెమెరాలు రెండూ పని చేశాయనీ, వెనక కెమెరాకు నేను పెట్టిన బొట్టు వానకు జారి అద్దాన్ని కప్పేసిందనీ, ముందు వీడియోలో కారు వెనక్కి రావడం తెలుస్తోందనీ రాసి, సంతకం పెట్టి, షాపు ముద్ర వేశాను. ఆ మధ్యాహ్నమే ఇద్దరం స్టేషనుకు వెళ్లాం. ఎస్సై వీడియో చూసి, లెటరు చదివి, నన్ను పైనుంచి కిందిదాకా ఒకసారి చూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ధనం మీద రాయబోయిన కేసు గోవిందన్న మీదికి మారింది. లైసెన్సు కొన్ని నెలలు పోయింది. మనలి కాంట్రాక్టు శాశ్వతంగా పోయింది.

స్టేషను నుంచి నేరుగా ఆస్పత్రికి వెళ్లాం. ధనానికి నలభై ఏళ్లుంటాయి. కట్టు కట్టిన కాలు దిండు మీద ఉంది. మంచం కింద ఒకటే నీలం చెప్పు. గోవిందన్న చేతులు జోడించి నిలబడ్డాడు. పుట్టినప్పటినుంచి మాట్లాడుతున్న అరవం కూడా ఆయన నోట్లోంచి రాలేదు. నేనే అంతా చెప్పాను. బొట్టు సంగతి కూడా చెప్పాను.

ఆవిడ అరవంలో నెమ్మదిగా అంది: “కాలు విరిగింది గాని మతి పోలేదు అని నాలుగు రోజులుగా చెబుతూనే ఉన్నాను. ఎవరూ వినలేదు. నిన్న రాత్రి నాకే అనుమానం వచ్చింది, నేనే పోయి గుద్దానా అని.”

కాలి నొప్పి గురించి ఒక్క మాట అనలేదు. డాక్టరు ఖర్చు అడగలేదు. “ఆ వీడియో ఉందా?” అంది. నా ఫోనులో ఉందన్నాను. “మా అన్నకు చూపించండి.”

వాళ్లన్న ఫ్లాస్కులో టీ తీసుకుని వచ్చాడు. స్తంభం ఎలా లోపలికి వస్తోందో, చెప్పు ఎక్కడ ఆగి ఉందో చూపించాను. ఇంకోసారి పెట్టమన్నాడు. పెట్టాను. ఫ్లాస్కు కింద పెట్టి, చెల్లెలి వైపు చూడకుండా వరండాలోకి వెళ్లిపోయాడు. ధనం ఆ తలుపు వైపే చూస్తూ, “చాలు,” అంది. తర్వాత గోవిందన్నతో, “మీరు వెళ్లండి,” అంది. క్షమించానని అనలేదు. అనాల్సిన అవసరం ఆవిడకేముంది?

ఏడాది గడిచింది. ధనం మళ్లీ చేపలు అమ్ముతోంది, స్కూటర్ మాత్రం ఎక్కడం లేదు. గోవిందన్నకు లైసెన్సు తిరిగి వచ్చింది. మొన్నటి ఆయుధపూజకు కారు తెచ్చాడు. నేను స్టీరింగుకు బొట్టు పెట్టి ఆగిపోయాను. ఆయన కండువా చివర తడిపి, ఏమీ అంటని ఆ వెనక కెమెరాను తుడిచి తుడిచి నిలబడ్డాడు.

ఇప్పుడు కెమెరాలకు బొట్టు పెట్టడం లేదు. అవి వచ్చిన అట్టపెట్టెలకు పెడుతున్నాను. అయితే నేను నేర్చుకున్నది అదొక్కటే కాదు. పోయిన నెల ఒక కస్టమరు కార్డు పట్టుకుని వచ్చాడు. ఆటో ఒకటి రాసుకుపోయిందట, వీడియో తీసివ్వమన్నాడు. కార్డు అందుకునే ముందు అడిగాను:

“ఆటో ఆయన ఏమంటావుండాడు?”

“వాడు అబద్ధాలు చెప్తావుండాడన్నా.”

“అది నేను అడగలా. ఏం చెప్తావుండాడు?”