వెనక కాళ్లు పీకేసిన ట్రైలర్

ఎనిమిదిమంది సంఘస్థులు, మసాలా పట్టించిన రెండు కిలోల మాంసం, వంద లీటర్ల నీళ్లు. ఇవన్నీ పాస్టరయ్య అన్న ఒకే ఒక్క ‘ఆమెన్’కు కలిసికట్టుగా ఒకే దిక్కుకు జారిపోవడం మీరెప్పుడైనా చూశారా? నారాయణఖేడ్‌లో చూసినవాళ్లున్నారు. ఇప్పటికీ కూరగాయల బజారులో నేను ఎదురైతే పక్కకు తిరిగి నవ్వుకుంటారు. ఆ ఘనకార్యం చేసిన మహానుభావుణ్ని నేనే. కాస్త గట్టిగా కూర్చుని చదవండి. వెనక్కి ఆనుకుని మాత్రం కూర్చోకండి, ఎందుకో మీకే తెలుస్తుంది.

నా పేరు సామేలు. బోరు మోటార్లకు వైండింగ్ చేసే దుకాణం నాది. నాకు చిన్నప్పటి నుంచి ఒక రోగముంది. ఏ వస్తువు కనిపించినా లోపల ఏముందో చూడకపోతే నిద్రపట్టదు. విప్పుతాను, చూస్తాను, మళ్లీ బిగిస్తాను. బిగించాక రెండు స్క్రూలు మిగులుతాయి. తయారుచేసినవాడే ఎక్కువ పెట్టాడని నా సిద్ధాంతం. తా వలచింది రంభ, తా మునిగింది గంగ అన్నారు పెద్దలు. తా పీకింది బోల్టు అని దానికి నేను కలుపుకున్నాను.

ఆ రోజుల్లో, అంటే నాలుగైదేళ్ల కిందట, ఫోన్లో క్యాంపింగ్ ట్రైలర్ల వీడియోలు చూసే పిచ్చి పట్టుకుంది. జీపు వెనక తగిలించుకుని కొండల్లోకి, అడవుల్లోకి వెళ్తారు. వెనక తలుపు తెరిస్తే వంటిల్లు. పైకి విప్పితే పడకగది. పక్కకు లాగితే పందిరి. మనిషి తన ఇంటిని తోకలా వెంటేసుకుని తిరగడం ఎంత అద్భుతం! నాకేమో పాత జీపు ఉండనే ఉంది. హైదరాబాద్ శివార్లలో ఒక షెడ్డువాడు అలాంటివి చేస్తాడని తెలిసి, ఇంట్లో చెప్పకుండా వెళ్లి కొనుక్కొచ్చాను. రోడ్డు లేనిచోట కూడా పోయే రకం. మావైపు కొన్ని దార్లు చూస్తే, మాకు అదే సరైన రకమని మీరూ ఒప్పుకుంటారు.

ఊళ్లోకి రాగానే జనం చుట్టూ మూగారు.

“ఏందిరా సామేలూ గిది? టిఫిన్ బండా?”

“కాదు.”

“పశువుల దవాఖాననా?”

“కాదే!”

“మరి మిర్చి బజ్జీలు ఎక్కడేస్తవ్?”

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నవాళ్లు ట్రైలర్ కొని చూడు అనడం ఎందుకు మరిచారో నాకు అప్పుడే అనుమానమొచ్చింది.

మా ఆవిడ శాంత ప్రభుత్వ దవాఖానలో నర్సు. అప్పుడే డ్యూటీ దిగి వచ్చింది. బండిని చుట్టూ ఒకసారి చూసింది, నన్ను రెండుసార్లు చూసింది.

“దీనిల వంటిల్లు ఉన్నదా?”

“ఫస్ట్ క్లాస్ వంటిల్లు!” అన్నాను ఉత్సాహంగా.

“అంటె ఇంట్ల వండుడు అయినంక అడవిల గూడ నేనే వండాల్నా?”

ఇలాంటి ప్రశ్నకు ఏ వీడియోలోనూ జవాబు లేదు. “లేదు లేదు, నేనే వండుతా!” అని నోరు జారాను. శాంత నవ్వలేదు. అరుగు మీద కూర్చుని చెప్పులు విప్పి, వాచిన పాదాలు నొక్కుకుంటూ అంది:

“చూడు. పెండ్లయి పదకొండేండ్లు. దవాఖానల నిలవడుడు, ఇంటికొచ్చి పొయ్యి కాడ నిలవడుడు. వచ్చే ఐతారం నేను గరిటె ముట్ట. కూసున్న తానికి నాకు కంచం రావాలె. వస్తె గీ బండి ఉంటది. రాలేదనుకో, సోమారం పొద్దున అది కొన్న తానికే వోతది.”

ఆమె పాదాలు చూస్తే నాకు నిజంగానే సిగ్గేసింది. ఆ ఆదివారం ఆమెను మహారాణిలా కూర్చోబెట్టాలని మనసులో గట్టిగా అనుకున్నాను. ఎటూ షెడ్డువాడు పది రోజుల్లో నచ్చకపోతే వాపసు తీసుకుంటానన్నాడు. కాకపోతే ఒక చిన్న షరతు పెట్టాడు: “అన్నా, ఒక్క బోల్టు గూడ ముట్టద్దు. ముట్టినవంటె వాపస్ లేదు.”

నాతోనా ఆ మాట అనేది?

మర్నాడే దుకాణానికి తాళమేసి పని మొదలుపెట్టాను. నీళ్ల ట్యాంకు ముందువైపు ఉంది. వంటిల్లేమో వెనకవైపు. నీళ్లు ముందు, గిన్నెలు వెనకా? తెలివిలేని పని! ట్యాంకు ఊడదీసి వెనక్కి బిగించాను. బ్యాటరీ కూడా ముందే ఉంది. దీపం వంట దగ్గర కావాలి కదా? దాన్నీ వెనక్కి. గ్యాస్ బుడ్డి వెనక్కి. శాంతకు రోట్లో నూరిన తొక్కంటే ప్రాణం కాబట్టి, ఒక నల్లరాతి రోలు తెచ్చి వెనక అరలో కూర్చోబెట్టాను. ముందువైపు ఇక మిగిలింది గాలి.

తర్వాత కిందికి దూరి చూశాను. వెనక రెండు మూలల్లో రెండు ఇనుప కాళ్లున్నాయి. బండి నిలిపినప్పుడు కిందికి దించేవి. మడిచినా కాస్త వేలాడుతున్నాయి. మా ఇంటి ముందు గడ్డకు ‘టక్’మని తగిలాయి కూడా. గుట్టలెక్కే బండికి ఈ అడ్డం ఎందుకు? ముందు ఎలాగూ ఒక చిన్న చక్రం కాలు ఉంది, నడుమ రెండు పెద్ద చక్రాలున్నాయి. మొత్తం మూడు. ఆటో నిలబడటం లేదా మూడింటి మీద? గ్రైండర్ తీసి రెండు కాళ్లనూ తెగ్గోశాను. నిప్పురవ్వలు ఎగురుతుంటే నాకు నేనే పెద్ద ఇంజనీరులా కనిపించాను. వాపసు దారి ఆ రవ్వల్లోనే కాలిపోయిందని మాత్రం తోచలేదు. తోచాక శాంతకు చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. మాలో కొత్త బండి కొంటే పాస్టరయ్యతో ప్రార్థన చేయించడం ఆనవాయితీ. గుడి ఆరాధన ముగిశాక అందరినీ కంగ్టి దారిలో మా బాలమ్మ పెద్దమ్మ చేను దగ్గరికి రమ్మన్నాను. బాలమ్మ మా అమ్మకు అక్క. డెబ్బై దాటినా కొడవలి పట్టిందంటే పడుచువాళ్లు వెనకపడాల్సిందే. ఇల్లు చేనుకు ఆనుకునే ఉంది.

చెట్టు నీడలో మడత కుర్చీ వేసి శాంతను కూర్చోబెట్టాను. “ఇయ్యాల నువ్వు లేవద్దు” అన్నాను. ఆమె కొంగు సర్దుకుని, నమ్మీ నమ్మనట్టు కూర్చుంది. జీపు నుంచి ట్రైలర్ విడదీసి, “చూడుండ్రి, దానంతట అదే నిలబడ్డది!” అని చెయ్యి చాపి చూపించాను. జీపును దూరంగా పెట్టివచ్చాను. వెనక తలుపెత్తి వంటిల్లు బయటికి లాగాను. మసాలా పట్టించిన మాంసం గిన్నె, నానబెట్టిన బియ్యం గిన్నె పక్కపక్కన పెట్టాను. ప్రార్థన కాగానే పొయ్యి అంటించడమే.

బాలమ్మ పెద్దమ్మ బండి కిందికి వంగి చూసింది.

“ఎద్దులను ఇప్పినవు గని, వెనక ఆపుకట్టె ఏదిరా?”

“పెద్దమ్మా, ఇది ఎడ్లబండి కాదు. ట్రైలర్.”

“చక్రాలు ఎన్ని?”

“రెండు.”

“ముందట నొగ ఉన్నదా?”

“ఉన్నది” అన్నాను, జీపుకు తగిలించే ముందు కడ్డీ చూపిస్తూ.

“మరి బండి గాకుంట ఇంకేంది? బరువంత వెనక పెట్టినవు, కట్టె పెట్టలే. లేస్తది.”

“ఇది ఇంజనీర్లు చేసింది పెద్దమ్మా!” అన్నాను. ఇంజనీరు పెట్టిన కాళ్లను నరికింది నేనే అన్న సంగతి ఆ క్షణంలో నాకు గుర్తు రాలేదు. పెద్దమ్మ మెల్లగా నడిచివెళ్లి, బండికి పదడుగుల దూరంలో నిలబడింది. పాఠకులారా, అనుభవం ఉన్నవాళ్లు దూరంగా జరిగితే మనమూ జరగాలి. ఇది ఊరికే చెప్తున్నాను, తీసుకోండి.

పాస్టరయ్య బండి ముందుకు వచ్చి నొగ మీద కుడిచెయ్యి పెట్టారు. “కండ్లు మూసుకుందం” అన్నారు. మా పాస్టరయ్య ప్రార్థన ఎలా ఉంటుందంటే, చక్రాలకోసం వేరే, టైర్లకోసం వేరే, టైర్లలో గాలికోసం వేరే. నేను వెనకవైపు వంటింటి ముందు నిలబడి, ఒక చేతిలో గరిటెతో, బుద్ధిగా కళ్లు మూసుకున్నాను.

ప్రార్థనలో కళ్లు మూసుకోనివాళ్లు ఎంతమందో నాకు ఆరోజే తెలిసింది. వారం రోజులుగా ఊరంతటికీ ఒకటే ఆత్రం, లోపల ఏముందో చూడాలని. అందరి కళ్లూ మూసి ఉన్నప్పుడు చూస్తే ఎవరూ తప్పు పట్టరు కదా? ముందుగా పాటల బృందంలోని ఇద్దరు ఆడవాళ్లు పక్క మెట్టెక్కి లోపలికి దూరారు. గుసగుసలు వినపడ్డాయి.

“అగో, పరుపు గూడ ఉన్నదే!”

“కూసో, మెత్తగున్నదో లేదో చూడు.”

పరుపు వెనకవైపే ఉంది. ఇంకో ముగ్గురు ఎక్కారు. తర్వాత మరో ఇద్దరు. వాళ్లను తప్పుపట్టను. నేనైతే మొదటి ‘ప్రభువా’కే ఎక్కేవాణ్ని.

ముందువైపు ఏం జరిగిందో తర్వాత శాంత చెప్పింది. ఆమె కూడా కళ్లు మూసుకోలేదన్నమాట! నొగ మెల్లగా లేస్తోందట. దాని మీదున్న పాస్టరయ్య చెయ్యీ లేస్తోందట. ప్రార్థన మధ్యలో చెయ్యి తీయడం బాగుండదని ఆయన మొదట మోచెయ్యి ఎత్తారట, తర్వాత భుజం ఎత్తారట, ఆఖరికి మునివేళ్ల మీద నిలబడి, కళ్లు తెరవకుండా, బండిలో ప్రయాణించబోయేవారి క్షేమం దగ్గరికి వచ్చారట.

సరిగ్గా అప్పుడే యోబు మామ వచ్చాడు. యోబు మామ సిర్గాపూర్‌లో బియ్యం దుకాణం నడుపుతాడు. బియ్యం బస్తాను, మామను పక్కపక్కన పెడితే బస్తా సన్నగా కనిపిస్తుంది. నిలబడలేక, నా పక్కనే ఉన్న వెనక మెట్టు మీద నిమ్మళంగా కూర్చున్నాడు. పాస్టరయ్య “ఆమెన్” అన్నారు. అందరూ “ఆమెన్” అన్నారు.

ట్రైలర్ కూడా తల ఊపింది.

నొగ పాస్టరయ్య చేతిలోంచి జారి ఆకాశానికి లేచింది. వెనకభాగం ‘ధభేల్’మని నేలకు ఆనింది. నేను కళ్లు తెరిచేసరికి వంటిల్లు నా మీదికి వస్తోంది! కప్పలా పక్కకు గెంతాను. మాంసం గిన్నె మాత్రం నన్ను వదల్లేదు. ట్యాంకు మూత ఊడి వంద లీటర్లూ యోబు మామ నెత్తిన పడ్డాయి. లోపలి ఆడవాళ్లు పరుపుతో సహా ఒకరి వెనక ఒకరు జారి వచ్చి, ఆ నీళ్లలో వరసగా కూర్చున్నారు. నల్లరాతి రోలు ఒక్కటే కదలకుండా, నా తెలివికి సాక్ష్యంగా అక్కడే ఉండిపోయింది.

“సామేలూ,” అన్నాడు యోబు మామ ముక్కులోంచి నీళ్లు చీదుతూ, “నాకు బాప్తిస్మం చిన్నప్పుడే అయ్యింది గదరా!”

ఆ నవ్వుల్లో నాకు ఒక్కటే కనిపించింది. శాంత కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె అప్పటికే బురదలో మోకాళ్ల మీద కూర్చుని, ఒక్కొక్కరి చెయ్యీ కాలూ వంచి చూస్తోంది. “నొస్తుందా? గిక్కడ? ఏళ్లు ఆడియ్యి.” ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ విశ్రాంతి ఇస్తానన్న రోజున కూడా ఆమెకు డ్యూటీ వేసినవాణ్ని నేనే. అప్పుడు నాకు నవ్వు రాలేదు. మసాలా కారుతున్న చొక్కాతో, గరిటె పట్టుకుని, ఏడుపు మింగుకుంటూ నిలబడ్డాను.

“శాంతా, ఇంకో సంగతి” అన్నాను. “నేను బోల్టులిప్పిన, కాళ్లు కోసిన. ఇగ వాడు వాపస్ తీసుకోడు.”

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. మళ్లీ యోబు మామ మణికట్టు వంచి చూడసాగింది. ఆ చూపుకే భయమేసింది.

బాలమ్మ పెద్దమ్మ అంది: “ఏడ్చుడు తర్వాత. నలుగురు నొగకు వేలాడుండ్రి.” వేలాడారు, ముందువైపు దిగింది. పెద్దమ్మ ఇంటి వెనక నుంచి ఒక తుమ్మకట్టె తెచ్చి వెనకభాగం కింద నిలువుగా ఆన్చింది. యోబు మామను ఎక్కించి మరీ చూసింది. బండి కదల్లేదు. నేను వారం రోజులు చెడగొట్టింది రెండు నిమిషాల్లో కుదిరింది.

ఆ తర్వాత మూడు రాళ్లు పెట్టి మంట వేసింది. జొన్నపిండి తెచ్చి, రొట్టెలు చేత్తో తట్టింది. నన్ను రోటి దగ్గర కూర్చోబెట్టి పచ్చిమిర్చి, పల్లీలు నూరించింది. కళ్ల నిండా నీళ్లు. కారం వల్లేనని అందరికీ చెప్పాను. వేడి రొట్టె, తొక్కు కంచంలో పెట్టుకుని వెళ్లి శాంత చేతికిచ్చాను. ఆమె తింది. ఇంకో రొట్టె అడిగింది. మూడోది తింటూ కాళ్లు చాపుకుంది. పదకొండేళ్లలో ఆమె అలా కాళ్లు చాపుకుని తినడం నేను చూడలేదు.

“పెద్దమ్మా, నీకు గిదంత ఎట్ల ఎరుక?” అని అడిగింది.

“ఎరుకకు ఏమున్నది బిడ్డా? ఏటా ఆర్నెల్లు కర్ణాటకల చెరుకు కొట్టవోతుంటిమి. బండే ఇల్లు. దాని పక్కనే పొయ్యి, దాని కిందనే పండుడు. గీ సామేలుగాని ఉయ్యాల నొగకే కట్టినం. ఒకనాడు వీళ్ల అయ్య ఆపుకట్టె పెట్టుడు మరిచి వెనక మూటలేసిండు. నొగ పైకి లేసింది, ఉయ్యాలతోని వీడు గూడ లేసిండు. మేమందరం మొత్తుకుంటుంటె వీడు ఆకాశంల కిలకిల నవ్వుతుండు!”

నేను నోరు తెరిచాను. ఫోన్లో వీడియోలు చూసి కొత్తగా కనిపెట్టాననుకున్న బతుకులో నేను పాలు తాగే నాడే పండిపోయి ఉన్నాను.

శాంత కంచం కింద పెట్టింది. “నేను గరిటె ముట్టలే. కూసున్న తానికి కంచం వచ్చింది. మాట మాటే, బండి ఉంటది” అంది. నేను గాల్లో తేలాను. “గని దాని ఇంజనీర్ పెద్దమ్మ. నువ్వు క్లీనర్‌వి.”

అప్పటి నుంచి మేమెక్కడికి పోయినా జీపులో ముందు సీటు బాలమ్మ పెద్దమ్మది. శాంత వెనక కాళ్లు చాపుకుని కూర్చుంటుంది. దిగగానే కట్టె ఆన్చేది, గిన్నెలు తోమేది, తొక్కు నూరేది నేను.

కనుక దేవుని ఎదుట, సంఘం ఎదుట, తడిసిన యోబు మామ ఎదుట నేను చేసిన ప్రమాణం మీరూ వినండి. రెండు చక్రాలున్న ఏ వస్తువుకైనా సరే, వెనక కట్టె ఆన్చకుండా, ఆన్చిన కట్టెను పెద్దమ్మ తన్ని చూడకుండా, ఇక ఈ జన్మలో ప్రార్థన చేయించను. అది సైకిలైనా సరే.