వాదించే చేతికి కొలత

గంగక్క నల్లగౌను అంచును వేళ్ల మధ్య నలిపి చూస్తోంది. గుడ్డ మందం తెలియనిదే ఆమె సూది ఎత్తదు. సూళగిరిలో హైవే పక్కన చిన్న కుట్టు అంగడి ఆమెది. బయట తుంపర. తడిరోడ్డు మీద లారీల హోరు నిద్రలో విన్న మాటలా అంగడిలోకి వచ్చి పోతోంది. నల్లగుడ్డ మీద నల్లదారం కనబడాలంటే వెలుతురు కావాలి. అందుకని మిషన్ వదిలి, వాకిట్లో చూరు కింద పీట వేసుకుంది.

గౌను తెచ్చింది లాయర్ శశికళ. శనివారాలు ఆమె గవర్నమెంటు బడికి వెళ్లి, కోర్టు పని ఎలా ఉంటుందో పిల్లలకు చెబుతుంది. ఇష్టపడిన వాళ్లను తన ఆఫీసుకు తీసుకుపోయి పక్కన కూర్చోబెట్టుకుంటుంది. రేపు కృష్ణగిరిలో ఆ పిల్లలే లాయర్లయి ఒక ఉత్తుత్తి కేసు వాదించాలి. గౌన్లన్నీ పెద్దవాళ్ల దగ్గర అడిగి తెచ్చినవి. తొమ్మిదో తరగతి కలైవాణి పొట్టిపిల్ల. నిన్న బడిలో గౌను కాలికింద పడి, అందరి ముందూ బోర్లా పడింది. పిల్లలు ఒకటే నవ్వు. అప్పటినుంచి రేపు రానంటోంది.

"కత్తెర పెట్టకూడదు గంగక్కా. మా సీనియర్‌ది. ఉన్నదున్నట్టు తిరిగి ఇవ్వాలి," అంది శశికళ.

"కత్తెర యాడ పెట్టినానో మరిచిపోయినా అనుకోమ్మా."

కలైవాణి గోడకు ఆనుకుని నిలబడింది. "పొడుగ్గా ఉండేవాళ్లకు ఇచ్చేయండి మేడమ్. నేను రాను."

"కేసంతా చదివింది నువ్వే కదమ్మా?" అంది శశికళ.

గంగక్క గౌను తొడిగితే పిల్ల కొయ్యలా బిగుసుకుపోయింది. ఇలా నిలబడిన ఒంటి మీద తీసిన కొలత పనికిరాదు. గంగక్కకు కుట్టు ఎవరూ నేర్పలేదు. పాత రవికలు విప్పి, మళ్లీ కుట్టి నేర్చుకుంది. నిలబడినప్పుడు సరిపోయిన రవిక బిందె ఎత్తగానే చంకలో చినుగుతుందని అప్పుడే తెలిసింది. మనిషి పనిలో ఉండగా కొలవాలి.

"ఏం కేసు పాపా?"

"మేకలు రాగిచేను మేసేసినాయి. నేను చేనోళ్ల లాయర్ని."

గంగక్క మేకలు కాసే ఇంట్లో పుట్టింది. "ఓహో! మేకకు చేని గెట్టు తెలుస్తాదా తల్లీ? నోటీసు దాని కొమ్ముకు కట్టిస్తావా?"

శశికళ నవ్వు ఆపుకోలేక తల తిప్పుకుంది.

"మేక మింద కాదక్కా. కాసేవాళ్ల మింద."

"వాడు నీళ్లు తాగను పోయినాడు. మనిషి కాదా?"

"పోతే పోయినాడు, ఎవర్నన్నా నిలబెట్టి పోవాల గదా!" పిల్ల చెయ్యి లేచింది. ఎడమ భుజం మీద గౌను జారింది. గంగక్క అక్కడ గుండుసూది గుచ్చింది.

"చేనుకు కంచె ఎందుకు లేదో అది అడగవా?"

"కంచె లేకుంటే మేసుకోమనా? నీ అంగడి తలుపు తెరిచే ఉంది. మిషన్ ఎత్తుకపోదునా?"

"ఎత్తుకపోమ్మా, పీడ పోతాది. ఊరికే దారం తెంపతాది."

"అది వేరే కేసు! ముందు దీనికి చెప్పు!" పిల్ల ఒక అడుగు ముందుకేసింది. అంచు కాలికింద పడబోయే చోటు కనబడింది. గంగక్క మోకాళ్ల మీద కూర్చుని ఇంకో సూది గుచ్చింది.

తర్వాత గౌను విప్పించి, ఆమె పీట మీద కూర్చుని కుట్టసాగింది. ఒడినిండా నలుపు పరుచుకుంది. కుట్టు మీద కుట్టు పడుతుంటే అంగడి మెల్లగా దూరమైంది. చిన్నప్పటి గుట్ట వాలు మీద ఇలాంటి తుంపరే. తాత నల్లకంబళి నెత్తిన వేసుకుని ఆమె మంద వెనక నడుస్తోంది. కంబళి బురదలో ఈడ్చుకుపోతోంది. తాత భుజం దగ్గర దాన్ని మడిచి తుమ్మముల్లు గుచ్చాడు. ఆ తర్వాత ఆమె పెద్దమనిషిలా నడిచింది. ఇప్పుడు ఆ తుంపరలో మేకలు ఒక్కొక్కటే తేలివచ్చి మాయమవుతున్నాయి. వాటి వెనక నల్లగా, చిన్నగా ఎవరో పోతున్నారు. ఒంటి మీద ఉన్నది కంబళో గౌనో తెలియడం లేదు. కాళ్లకు మాత్రం ఏదీ అడ్డుపడటం లేదు.

తుంపర ఆగింది. గంగక్క కలైవాణికి గౌను తొడిగి, వాకిట మెట్లు దిగి ఎక్కమంది. దిగేటప్పుడు పిల్ల అంచు ఎత్తి పట్టుకుంది. ఎక్కేటప్పుడు వదిలేసింది. పైకొచ్చి చెయ్యెత్తి, గంగక్క ముఖం మీదికి వేలు చూపింది. భుజం జారలేదు.

"మడతలన్నీ లోపలికే పెట్టినా. కోర్టు అయినాక ఈ కొస లాగితే అంతా ఊడొస్తాది."

"కోర్టులోనే ఊడితే?"

"నా మింద కేసెయ్యి."

"వేస్తా. నువ్వెట్లాగూ మేకల పక్షమే గదా," అని కలైవాణి గౌను విప్పుతూ శశికళ వైపు తిరిగింది. "రేపు బస్సు ఎన్నింటికి మేడమ్?"

గంగక్క గౌను మీది దారప్పోగులు దులిపి, నాలుగు మడతలు పెట్టింది. శశికళ చెయ్యి చాపింది. గంగక్క గౌనును పిల్ల చేతుల్లో పెట్టింది.