తాళం లేకుండా వెలిగే లైట్లు

మా బావ పోయారని గత నెలలో ఒక తెల్లవారుజామున ఫోన్ వచ్చింది. గుండెపోటు. చేసింది అక్కే. "మీ బావ లేరురా. బేగి రా" అంది. "మంచు బాగా దిగింది, బస్సులోనే రా" అని పెట్టేసింది. నర్సీపట్నంలో మొదటి బస్సెక్కాను.

పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనంతో మొదలుపెట్టడం అలవాటు. నాకు మాత్రం ముందు గుర్తొచ్చింది ఆయన జీపుకున్న ఫాగ్ లైట్ల వైరింగు. దాంతో ఆయన మా అందరినీ పెట్టిన తిప్పలు.

బావది సంతల్లో మిరియాలు, చింతపండు కొనే వ్యాపారం. లంబసింగి దాటాక, చింతపల్లి రోడ్డు మీంచి లోపలికి తిరిగే చోట ఇల్లు. తొంభైల్లో నేను నర్సీపట్నంలో విలేకరిని. మన్యం ఏజెన్సీ ఊళ్ల వార్త కోసం కొండెక్కాలంటే ఆయన జీపే దిక్కు. శీతకాలం ఆ ఘాట్‌లో పొద్దెక్కినా ముందు నడిచే ఎద్దు కనబడదు. అందుకని ఆయన పాత లారీవి రెండు పసుపు లైట్లు తెచ్చి బంపరుకి బిగించారు. వైరింగు తానే చేశారు. కష్టాలు అక్కడ మొదలయ్యాయి.

మొదట రిలే పెట్టలేదు. లైట్లు లాగే కరెంటంతా డాష్‌బోర్డు మీది చిన్న స్విచ్‌లోంచే పోనిచ్చారు. స్విచ్ కరిగి, మా కాళ్ల మీదికి పొగొచ్చింది. నేను పోరితే రిలే కొన్నారు. చిన్న నల్ల డబ్బా అది. స్విచ్ సన్నని కరెంటుతో దానికి సైగ చేస్తే, బ్యాటరీ నుంచి లైట్లకి వెళ్లే పెద్ద దారి అది తెరుస్తుంది. అంతా బాగానే కలిపారు. కానీ స్విచ్‌కి రావలసిన తీగని జీపు తాళం దగ్గర్నుంచి కాక, నేరుగా బ్యాటరీ నుంచి లాగారు. తాళం బండిలోంచి తీసేసినా లైట్లు వెలుగుతూనే ఉంటాయి. పైగా తీగలన్నీ ఎర్రవే. మైకుసెట్టు వాళ్ల దగ్గర మిగిలిన చుట్ట అట.

ఆయనేమో లైట్లు ఆపడం మర్చిపోతారు. పొద్దున్నే బ్యాటరీ సున్నా. అక్క, నేను, దారినపోయే సంత జనం కలిసి తోస్తే తప్ప బండి కదలదు. చివరికి ఆయన కనిపెట్టిన విరుగుడేమిటంటే, తోయడానికి వీలుగా జీపుని ఇంటి ముందున్న వాలులో, రోడ్డు వైపు ముఖం పెట్టి నిలపడం. వైరు మార్చడం మాత్రం కాదు.

"బావా, ఆ ఒక్క తీగ తాళం మీదికి మార్చేస్తే పోతుంది కదండీ" అంటే నవ్వేవారు.

"ఏటోయ్ విలేకరీ, బండి నడిస్తే మోత ఎదుటోడికి ఇనబడుద్ది. ఆగిపోతేనే కదా లైటు కావాలి?"

"ఆగినప్పుడు తాళం బండికే పెట్టి, తిప్పి ఉంచండి."

"తాళం బండిలో ఒగ్గేసి దిగుతారేటి ఎవులైనా?"

ఆ తాళాన్ని ఆయన మొలతాడుకి కట్టుకునేవారు. నర్సీపట్నంలో ఎలక్ట్రీషియన్ చేత ఒకసారి మార్పిస్తే, వచ్చే సంత నాటికి మళ్లీ విప్పి తన పద్ధతిలోనే చుట్టేశారు. "ఈయనకి సెప్పీకన్నా ఆ బండికి సెప్పడం నయం" అనేది అక్క. రోజూ సాయంత్రం వెళ్లి స్విచ్ ఆపే పని ఆమె నెత్తినేసుకుంది. బావ పోయే ముందురోజు సాయంత్రం కూడా ఆపింది.

నేను చేరేసరికి ఇంటి చుట్టూ మంచు గోడ కట్టినట్టుంది. బావ కూతురు విశాఖ నుంచి అద్దె కారులో వస్తోంది. లంబసింగి నుంచి ఫోన్ చేసింది. డ్రైవరు మైదానం మనిషి, మా మలుపు కనబడక ముందుకెళ్లిపోయి, మళ్లీ లంబసింగికే వెనక్కొచ్చాడట. "మావయ్యా, తెల్లగా తప్ప ఏం కనబడటం లేదు. నాన్నని తీసుకెళ్లిపోకండి" అని ఏడ్చింది. ఇక్కడ పెద్దవాళ్లు ఎత్తేయాలని తొందరపెడుతున్నారు.

"నా గుంట తండ్రిని సూడకుండా ఎత్తుతారేటి?" అంది అక్క.

నేను లేచి జీపు తాళం వెతికాను. స్నానం చేయించినప్పుడు మొలతాడు తీసినవాళ్లు అది ఎక్కడ పెట్టారో చెప్పలేకపోయారు.

"ఏటి ఎతుకుతున్నావురా?"

"తాళం. లైట్లు వేద్దామని."

అక్క నా వైపు చూసింది. "దానికి తాళమెందుకురా? ఇన్నేళ్లూ నువ్వు దెబ్బలాడింది అందుకే కాదేటి?"

వెళ్లి జీపులోకి వంగి స్విచ్ లాగింది. రిలే టక్కుమంది. రెండు పసుపు కళ్లు రోడ్డు వైపు, సరిగ్గా ఆ మలుపు మీదికి తెరుచుకున్నాయి. నేను ఫోనులో, "పసుపు లైట్లు కనబడిన చోట తిరగమను" అని చెప్పాను.

కాసేపటికి మంచులోంచి కారు మోత వినబడింది. మోత దగ్గరైంది, మలుపు దగ్గర ఆగింది, లోపలికి తిరిగింది. పిల్ల కారు పూర్తిగా ఆగకుండానే దిగి పరిగెత్తింది. ఆ తర్వాతే ఆయన్ని ఎత్తాం.

తిరిగొచ్చేసరికి మంచు విడిపోయి ఎండ కాస్తోంది. ఆ ఎండలోనూ లైట్లు వెలుగుతున్నాయి. బ్యాటరీ పోతుందని ఆపబోయాను. గుమ్మంలో కూర్చున్న అక్క, "ఉండనీరా, రేపు తోద్దాం" అంది. సాయంత్రానికి ఆ పసుపు మసకబారి, ఆరిపోయే అగ్గిపుల్ల కొసలా ఎర్రబడింది. రోడ్డు మీద వెళ్లే సంత జనం మలుపు దగ్గర ఆగి, అటు చూసి, కదిలిపోతున్నారు.